గది చప్పుడు

ఎవరితోనైనా మాటలు అయిపోయాక
నాకింకో పని మిగులుతుంది.
"ముప్పై సెకన్లు ఎవరూ కదలొద్దు" అంటాను.
మాటని కోసి అతికిన చోట
కింద పరవడానికి ఆ గది చప్పుడు కావాలి.
ఫ్రిజ్ మూలుగు, కిటికీ సందులో గాలి,
ఎవరిదో మోకాలి చిటుకు.
గ్రిమ్స్‌బీలో ముప్పై ఏళ్లుగా
నేను వెనకేసింది ఇదే.

అంతకుముందు లెస్టర్‌లో, చీరల కొట్టు మీది గదిలో
పెళ్లి వీడియోలు కోసేదాన్ని.
ఎవరి పెళ్లో తెలీదు.
ఏ అత్తగారు ఏడిస్తే ఉంచాలో
ఏ మేనమామ తూలితే తీసేయాలో తెలుసు.
కత్తెరకీ ఒక మర్యాద ఉంటుందని అక్కడే నేర్చాను.
తర్వాత నా పెళ్లి, నా విడాకులు.
రెండిటికీ వీడియో లేదు.

ఆ తర్వాత చేపల ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు.
ఉప్పాడలో పుట్టినదాన్ని, చేప నాకు కొత్తేం కాదు.
మంచులో ఉన్న చేప వాసనెయ్యదని మాత్రం ఇక్కడే తెలిసింది.
ఇంటికొచ్చాక వేళ్లు వేస్తాయి.

ఎదురు బల్ల మోరీన్ టక్స్‌వర్త్‌ది.
కళ్లు మూసుకుని ముల్లు తీసేది.
హైమావతికి నోరు తిరగక "హై" అనేది.
రోజుకి వందసార్లు ఎందుకు పలకరిస్తోందా అనుకున్నాను.
అది నా పేరట.

ఒకరోజు టీ తాగుతూ అంది,
నాన్న ఓడ కదిలిన రోజున అమ్మ బట్టలు ఉతికేది కాదని.
ఉతికితే అల తీసుకుపోతుందట.
నా చేతిలో కప్పు ఆగిపోయింది.
మా మేనత్త ఆ రోజు వాకిలి ఊడ్చేది కాదు.
ఆ ఒక్క మాట కోసం
అరువు కెమెరాతో, తారు కారే పొగగూటి గోడల మధ్య
ఇరవై రెండు నిమిషాల సినిమా తీశాను.
లైబ్రరీ నేలమాళిగలో పదకొండు మంది చూశారు.
ఇద్దరు వానకి వచ్చినవాళ్లు.

లండన్‌లో ఒకావిడ మంచి కాఫీ ఇచ్చింది.
"బాగుంది. కానీ చేపల వాళ్ల కథ చేపల వాళ్లు చెప్పుకుంటారు.
మీరు మీ వాళ్ల గురించి తీయండి,
కుదిర్చిన పెళ్లిళ్లూ అవీ. దానికి డబ్బుంది."
వీళ్లు మా వాళ్లే కదా అన్నాను.
ఏదో రాసుకుంది.
మేమూ చేపల వాళ్లమేనని చెప్పలేదు.
రైలు పీటర్‌బరో దాటాక గుర్తొచ్చింది.

మొత్తం పదమూడు తీశాను.
రెండు టీవీలో వచ్చాయి, అర్ధరాత్రి, గోల్ఫ్ అయ్యాక.
ఒక గాజు బహుమతి ఉంది,
వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాను.
ఒకసారి లాట్వియా పిల్ల ఇల్జె ఏడుస్తుంటే
కెమెరా ఆపలేదు.
ఆ షాట్ బాగా వచ్చింది.
ఇప్పటికీ బాగుంటుందనే చూడను.

పోయిన చలికాలం మోరీన్ కూతురు ఫోన్ చేసింది.
"అమ్మ గొంతు ఏమైనా మిగిలిందా,
సినిమాలో లేనిది?"
మెట్ల కింద అట్టపెట్టెలన్నీ దింపాను.
ఆ రోజుల్లో టేపు ఖరీదు,
మోరీన్ మాటల మీదే ఇంకెవరివో మాటలు ఎక్కించేశాను.
తొమ్మిదో టేపు చివర మాత్రం
ఎవరూ కదలని ముప్పై సెకన్లున్నాయి.
అవే పంపాను.

"అమ్మ ఏం మాట్లాడలేదే" అంది.
వారం తర్వాత మళ్లీ తనే చేసింది.
"ఊపిరి వినిపిస్తోంది.
ఒకచోట నవ్వు బిగబట్టుకుంటోంది. ఎందుకు?"

పంతొమ్మిదో సెకను దగ్గర నా కడుపు కూసింది.
ఉన్న డబ్బంతా టేపుకి పోయి
పొద్దుటి నుంచీ ఏం తినలేదు.

ముప్పై అవగానే మోరీన్ లేచింది.
కొక్కెం మీది చేప ఒకటి దింపి
కాగితంలో చుట్టి నా ఒళ్లో పడేసింది.
వేడిగా ఉంది.
టేపు అప్పటికే అయిపోయింది.